మంచుదేశమున ఉడుపుల బేరము

ఏటేట ఆగస్టు, సెప్టెంబరు మాసములు వచ్చుసరికి మన యిండ్లలో పెట్టెలు సర్దు సందడి ప్రారంభమగును. ఒక యింట కుమారుడు పైచదువునకై కెనడా పోవుచుండును. మరియొక యింట కుమార్తె ఉద్యోగమునకై అమెరికా పోవుచుండును. వేరొక యింట తల్లి, కూతురి పురిటికని, ఇంగ్లండుకో జర్మనీకో ప్రయాణమగుచుండును. విమానములవారు సాధారణముగా అనుమతించు బరువు పెట్టెకు 23 కిలోలు. అందులో ఆవకాయ, కందిపొడి, కుక్కరు, పుస్తకములు చేరిన పిమ్మట మిగిలిన చోటునంతయు ఆక్రమించునది ఒక పెద్ద కోటు. దానిని మడచి, మోకాలితో అదిమి, పెట్టె మూత వేయువరకు ఇంటిల్లిపాదికిని ఊపిరి సలుపదు. “అక్కడ చలి గదా!” అని అందరును అందురు. ఆ చలి యెట్టిదో, దానికి ఈ కోటు ఏపాటి అడ్డో విచారించువారు మాత్రము తక్కువ.

మేమును విచారింపలేదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట ఒకరికి పరిశోధనకై వేతనము లభింపగా, రేడియో ఉద్యోగమునకు సెలవు పెట్టి, ఏడేండ్ల మా అబ్బాయితో కూడ మేము ముగ్గురము ఒక యేడాది టొరంటో నగరమున కాపురముంటిమి. బయలుదేరుటకు ముందు హైదరాబాదులో నిగనిగలాడు తోలుకోట్లు రెండు కొంటిమి. చలికాలమున మన పట్టణములలో టిబెట్టువారు వీధి ప్రక్కన పేర్చి అమ్ము స్వెట్టరులు నాలుగు, మంకీ క్యాపులు మూడు కొంటిమి. మా అత్తగారు స్వయముగా అల్లిన ముతక ఉన్ని స్వెట్టరును మాత్రము పాతకాలపుదని ప్రక్కకు పెట్టితిమి. ఆమె మొగము చిన్నబోవుట చూచి, చివరి నిమిషమున దానిని పెట్టె అడుగున దోపితిమి. ఈ స్వెట్టరు సంగతి మరల చెప్పెదము.

హైదరాబాదులో జనవరి రాత్రి 15 డిగ్రీలకు దిగినచో మనము కిటికీలు మూసికొందుము. లంబసింగిలో సున్నకు చేరువైనదని పత్రికలో చదివి ఆశ్చర్యపడుదుము. టొరంటోలో జనవరి మాసపు సగటే సున్నకు దిగువ. ఇంకను లోపలి భూములలోనున్న విన్నిపెగ్ నగరమున ఆ సగటు సున్నకు దిగువన 16 డిగ్రీల దరిదాపున నుండును. ఈ అంకెలు మేము వెళ్ళకముందే చదివితిమి. కాని అంకెను చదువుట వేరు, దానిలో నిలుచుట వేరు.

అక్టోబరు మాసము మమ్ము చక్కగా మోసగించినది. మేపులు చెట్ల ఆకులు ఎఱ్ఱబారి, ఎండ బంగారమువలె నుండెను. తోలుకోట్లు తొడిగికొని ఛాయాచిత్రములు తీయించుకొని ఇంటికి పంపితిమి. నవంబరు నడిమిలో ఒక ఉదయము బస్సు కొరకు పదునైదు నిమిషములు నిలువవలసి వచ్చెను. సున్నకు దిగువ 8 డిగ్రీలు, పైగా గాలి. నడుము క్రింది భాగమునుండి, మణికట్టులనుండి, మెడనుండి చలి లోనికి ప్రవేశించెను. కొంతసేపటికి కోటు తోలే మంచుపలకవలె శరీరమునకు తగులజొచ్చెను. ఇంటికి తిరిగివచ్చి పావుగంట వరకు తాళపుచెవి త్రిప్పుటకు వేళ్ళు వంగలేదు.

మేమున్న భవనముననే, ఆ దేశమున ముప్పది చలికాలములు గడిపిన కాకినాడ ప్రాంతపు పెద్దావిడ యొకరు ఉండెడివారు. అందరమును పిన్నిగారని పిలిచెడివారము. ఆమె మా కోటు అంచును రెండు వ్రేళ్ళతో నలిపి చూచి, “ఇది చలికి కొన్న కోటు కాదర్రా, ఫోటోకి కొన్న కోటు. శనివారం నాతో రండి. డబ్బుకంటే ముందు కాస్త తెలివి ఖర్చుపెట్టాలి,” అనిరి.

ఈ పొరపాటు మాతోనే మొదలు కాలేదని తరువాత తలచుకొని ఊరట చెందితిమి. 1888లో చదువునకై లండను వెళ్ళిన గాంధీగారు దిగునప్పుడు ధరించుటకని తెల్లని ఫ్లానెలు దుస్తులు ప్రత్యేకముగా దాచియుంచుకొనిరి. సెప్టెంబరు చివరి దినములు. దిగి చూడగా అట్టి తెల్లదుస్తులలో నున్నవారు తామొక్కరే. బొంబాయి కత్తిరింపు బట్టలు అక్కడ తగవని తలచి, ఆ నగరపు ఆర్మీ అండ్ నేవీ స్టోర్సులో వేరుబట్టలు కొనవలసి వచ్చినదని తమ ఆత్మకథలో వారే వ్రాసికొనిరి. ఆ గాంధీగారే 1931లో రౌండుటేబులు సమావేశమునకు శాలువతోను, కొల్లాయితోను లండనుకు వెళ్ళిరి. అది వేరు సంగతి. అంతటి నిగ్రహము సామాన్యులమైన మనకు సాధ్యము కాదు.

శనివారమునాడు బస్సులో కూర్చుండియే పిన్నిగారు పాఠము ప్రారంభించిరి. “బొంత ఎందుకు వెచ్చగా ఉంటుంది?” అని అడిగిరి. పాతచీరలు బరువుగా ఉండుటచేత అని మేమంటిమి. “కాదు. పొరల మధ్య గాలి ఉంటుంది కనక,” అనిరి. శాస్త్రమంతయు ఆ మాటలోనే కలదు. ఏ బట్టయు వేడిని పుట్టింపదు. వేడిని పుట్టించునది మన శరీరము. 37 డిగ్రీల ఆ వేడి బయటికి పోకుండ ఆపునది బట్ట కాదు, బట్టలో కదలక నిలిచిన గాలి. గాలి ఉష్ణమును మిక్కిలి మందముగా ప్రసరింపజేయును. నీరు గాలికంటె సుమారు 25 రెట్లు త్వరగా ప్రసరింపజేయును. కనుక చలిబట్టకు శత్రువులు మూడు. మొదటిది, లోపలి గాలిని చెదరగొట్టు వీచుగాలి. రెండవది, గాలి స్థానమును ఆక్రమించు తడి. మూడవది, గాలికి చోటే లేకుండ చేయు బిగుతు. మా తోలుకోటు వీచుగాలిని ఆపగలదు. కాని లోపల నిలిచిన గాలి లేదు. స్వెట్టరులలో నిలిచిన గాలి కలదు. కాని వాటిపై వీచుగాలి దూరును. పైగా రెండును కలిపి వేసికొన్నచో, కోటు బిగుతై, స్వెట్టరు అణగిపోయెడిది.

ఉత్తరధ్రువ ప్రాంతపు ఇన్యూయిట్ జనులు ఈ సంగతి తరతరములుగా ఎరుగుదురు. వారు అక్కడి కారిబూ దుప్పి చర్మములతో రెండు పొరల ఉడుపు కుట్టుకొందురు. లోపొర రోమములు శరీరమువైపునకు, పైపొర రోమములు బయటికి ఉండును. ఆ రోమములు లోపల గుల్లగా నుండి గాలిని నిలుపును. ఉడుపు వదులుగా నుండును. నార్వే యాత్రికుడు అముండ్సెన్ 1903 మొదలు 1905 వరకు వారి చెంత రెండు చలికాలములు గడిపి ఈ విద్య నేర్చుకొనెను. 1911 డిసెంబరు 14న దక్షిణధ్రువమును చేరిన అతని బృందమునకు ఆ చర్మపు ఉడుపులు ఎంతయో తోడ్పడినవి.

గాలి సంగతి ఇంకొంచెము చెప్పవలసియున్నది. ఆ దేశమున వాతావరణ వార్తలలో ఉష్ణోగ్రతతోపాటు మరియొక అంకె చెప్పుదురు. గాలి వీచునప్పుడు చర్మమునకు ఎంత చలి తోచునో ఆ అంక తెలుపును. అంటార్కిటికాలో నీరు గడ్డకట్టు వేగమును కొలిచి సైపుల్, ప్యాసెల్ అను ఇరువురు 1945లో మొదటి లెక్కను ప్రచురించిరి. 2001లో కెనడా, అమెరికా దేశములు దానిని సవరించి కొత్త లెక్కను స్వీకరించినవి. సున్నకు దిగువ 10 డిగ్రీల వేళ గంటకు 30 కిలోమీటరుల గాలి వీచినచో, సున్నకు దిగువ 20 ఉన్నట్లు తోచును. 20 డిగ్రీల వేళ అదే గాలి వీచిన, 33 ఉన్నట్లు తోచును. ఈ అంకె సున్నకు దిగువ 28 దాటినచో, కప్పులేని చర్మము పది మొదలు ముప్పది నిమిషములలో గడ్డకట్టవచ్చును. అక్కడివారు ఉదయము లేచి మొదట చూచునది గడియారము కాదు, ఈ అంకె.

ఇక కొనుగోలు. ఒక్క బరువైన కోటుకు బదులు మూడు పొరలు కొనవలెనని పిన్నిగారు నిర్ణయించిరి.

మొదటి పొర ఒంటికి అంటియుండు బనియను, లాగు. వీటిని అక్కడ థర్మలు దుస్తులందురు. ఇవి నూలువి కారాదు. మన ఎండలకు నూలును మించినది లేదు. చెమటను పీల్చి మెల్లగా ఆరుచు ఒంటిని చల్లబరచుటయే దాని గుణము. ఆ గుణమే అక్కడ దోషమగును. మంచులో వేగముగా నడచి చెమటపట్టి, పిదప బస్సుకొరకు నిలిచినప్పుడు, తడినూలు ఒంటి వేడిని లాగివేయును. సన్నని ఉన్ని గాని, పాలియెస్టరు గాని శ్రేష్ఠము.

రెండవ పొర వెచ్చదనమునకు. ఇందులో ఉన్ని, ఫ్లీసు, పక్షుల నూగు అను మూడు రకములు ముఖ్యము. ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమను పీల్చికొనియు తడిసినట్లు తోపదు. మన గొల్ల, కురుమ కాపరులు వానలో గొంగళి ముసుగు వేసికొని మందవెంట తిరుగుట చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఫ్లీసు పాలియెస్టరు నూలుతో చేసిన బొచ్చుగుడ్డ. 1979 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున రూపొందినది. తేలిక, చవుక, త్వరగా ఆరును. కాని గాలిని ఆపలేదు. మూడవది బాతు, హంసజాతి పక్షుల రొమ్ముపైనుండు మెత్తని నూగు. ఒక ఔన్సు నూగు విప్పారి ఎన్ని ఘనపు అంగుళముల చోటు నిండునో ఆ సంఖ్యను కోటు చీటీపై 550 అనియు, 700 అనియు వేయుదురు. సంఖ్య పెరిగినకొలది అదే బరువునకు ఎక్కువ వెచ్చదనము. అణగిపోయిన పరుపు దూదిని మరల ఏకించినప్పుడు అది పొంగుట మనమెరిగినదే. నూగునకును ఆ పొంగే ప్రాణము. తడిసినచో పొంగు పోవును, పొంగుతో వెచ్చదనమును పోవును. తడిమంచు కురియు ఊళ్ళలో అందుచేతనే కృత్రిమపు దూది నింపిన కోటు మేలని కొందరి మాట.

మూడవ పొర గాలికిని మంచునకును అడ్డు. ఇది దళసరిగా నుండనక్కరలేదు, ఒత్తుగా నేసినదై యుండవలెను. ఉద్యోగస్థులలో పలువురు రెండవ, మూడవ పొరలు కలిసియున్న పొడవైన కోటును కొందురు. మేమును అదియే కొంటిమి. కొనుటకు ముందు పిన్నిగారు చేయించిన పరీక్షలు ఇవి. లోపల స్వెట్టరు తొడిగి, పైన కోటు వేసికొని, చేతులు రెండును ముందుకు చాపవలెను. వీపుపై బిగియరాదు, మణికట్టు బయటపడరాదు. కోటు పిరుదులు దాటి తొడలవరకు దిగవలెను. జిప్పుపై మడతగుడ్డ యుండవలెను. లేనిచో జిప్పు పండ్లనుండియే గాలి దూరును. చేతి చివరల లోపల సాగుపట్టీ యుండవలెను. తలముసుగు కోటుకు కుట్టియో తగిలించియో యుండవలెను.

అంగడిలో మాకు తోచిన మొదటి వింత ధర. మన దేశమున వస్తువుపై అచ్చువేసిన గరిష్ఠధరలో పన్నులన్నియు కలిసియేయుండును. అక్కడ చీటీపైనున్నది పన్నులేని ధర. ఒంటారియో రాష్ట్రమున 13 శాతము పన్ను డబ్బు చెల్లించుచోట చేరును. 200 డాలర్ల కోటుకు 226 డాలర్లు ఇయ్యవలెను. పిల్లల బట్టలపై రాష్ట్రపు వాటా 8 శాతమును మినహాయింతురు గనుక 5 శాతమే పడును. కొన్న రసీదును పారవేయరాదు. చాలచోట్ల గడువులోపల తిరిగి తీసికొందురు. నవంబరు చివరివారమునను, క్రిస్మసు మరునాడును, చలికాలపు తుదినిని ధరలు తగ్గును. కాని కొత్తగా వచ్చినవాడు అంతవరకు ఆగుటకు వీలులేదు. బేరము కొరకు మనము ఆగుదుము. మన కొరకు చలి ఆగదు.

ఆనాడు చూచిన పెద్ద అంగళ్ళలో 1670లో స్థాపింపబడిన హడ్సన్సుబే కంపెనీ వారిది యొకటి. బీవరు చర్మములకు మారుగా అడవి జనులకు ఉన్ని కంబళ్ళు ఇచ్చి వ్యాపారము సాగించిన ఆ సంస్థవారి చారల కంబళి సుప్రసిద్ధము. ఆ కంబళినే కత్తిరించి కోటుగా కుట్టుకొనుట అక్కడి పాతవాడుక. మూడువందల యేబది యేండ్లు దాటి నిలిచిన ఆ సంస్థ అంగళ్ళన్నియు 2025 జూన్ 1 నాటికి మూతపడినవి. మేము చూచునప్పుడు కంబళి కోటుపై చేయివేసి, మన గొంగళి సముద్రము దాటి వచ్చి రంగులు పూసికొన్నట్లున్నదని నవ్వుకొంటిమి.

కోట్ల తరువాత బూట్లు. “అసలు మొదట కాళ్ళకు కొనాలి,” అని పిన్నిగారి సిద్ధాంతము. బూటు మనము మామూలుగా వేసికొనుదానికంటె ఒక అరసంఖ్య పెద్దదై, దళసరి ఉన్నిమేజోళ్ళతో తొడిగినను వేళ్ళు కదలునట్లుండవలెను. రెండు జతల మేజోళ్ళు దూర్చి బూటు బిగించుకొన్నచో నెత్తురు ఆడక కాలు మరింత చల్లబడును. అడుగున లోతైన గాళ్ళుండవలెను. మంచు కరుగుటకై వీథులలో ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు తోలును తినివేయును గనుక, ఇంటికి వచ్చినంతనే తడిగుడ్డతో తుడువవలెను.

తలకు చెవులు కప్పు ఉన్నిటోపీ. ఒంటివేడిలో సగము తలనుండియే పోవునని ఒక మాట వ్యాప్తిలో నున్నది. అది సరికాదు. తల దేహములో సుమారు పదవవంతు; పోవు వేడియు ఇంచుమించు అంతే. కాని చెవి, ముక్కు త్వరగా గడ్డకట్టును గనుక టోపీ తప్పదు. మా మంకీ క్యాపులు ఈ పనికి చక్కగా సరిపోయినవి.

ఇప్పుడు మేము చెప్పుటకు సిగ్గుపడు సంగతి. రెండు కోట్లు, మూడు జతల బూట్లు కొనుసరికి మేము తెచ్చిన డబ్బు కరగిపోయెను. పిన్నిగారు, “అబ్బాయి మంచుసూటు, చేతితొడుగులు ఇక్కడ కొనకండి. వాడిన బట్టలమ్మే దుకాణం ఉంది, అక్కడ మంచివి దొరుకుతాయి,” అనిరి. మా మనస్సు ఒప్పలేదు. ఒకరు విడిచిన బట్ట మన బిడ్డకా, యని మొగము ముడుచుకొంటిమి. ఆమె మరల చెప్పలేదు. అబ్బాయికి కొత్తదే అయిన చవుక కోటు నొకటి, అల్లిక చేతితొడుగులు ఒక జత కొని, గౌరవము నిలుపుకొన్నామని ఇంటికి చేరితిమి.

జనవరిలో ఒక మధ్యాహ్నము బడినుండి ఫోను వచ్చెను. విరామవేళ పిల్లలు మంచుతో ఆడుకొనుట అక్కడ నిత్యకృత్యము. మావాడు మంచుముద్దలు చేయగా చేయగా అల్లిక తొడుగులు తడిసి ముద్దయైనవి. గాలి వీచుచుండెను. వాడు లోనికి వచ్చునప్పటికి కుడిచేతి మూడు వేళ్ళ కొనలు మైనమువలె తెల్లబడియున్నవి. సూదితో పొడిచినను తెలియదని వాడు గొప్పగా తోటిపిల్లలకు చెప్పుచుండెనట. ఉపాధ్యాయిని చూచి, చేతిని గోరువెచ్చని నీటిలో నుంచిరి. మేము పరుగున వెళ్ళుసరికి వాడు నొప్పితో పెద్దపెట్టున ఏడ్చుచుండెను. స్పర్శ తిరిగివచ్చుటకు ఆ నొప్పియే గుర్తని వైద్యుడు చెప్పెను. పైచర్మమునకే తగిలినదనియు, ఇంకను ఆలస్యమైనచో లోపలి కండయే చచ్చియుండెడిదనియు చెప్పెను. ఇట్టి వేళ వేళ్ళను రుద్దరాదు. మంచుతో రుద్దుట మరింత హాని. నిప్పు దగ్గర కాచరాదు, ఏలన స్పర్శలేని వేళ్ళు కాలినను తెలియదు. గోరువెచ్చని నీరే సరి. మరల గడ్డకట్టు భయమున్నచో వెచ్చచేయుట మాని, ముందుగా వైద్యుని చేరవలెను.

ఆ రాత్రి పద్దుపుస్తకము తీసి చూచితిమి. మేము కొన్న తొడుగులకును, దుకాణమున పిన్నిగారు చూపిన మంచితొడుగులకును గల భేదము పదునాలుగు డాలర్లు. కోట్లకు లెక్కచేయని మేము వేళ్ళయెడ లోభించితిమి. కాని చలికి మొదట బలియగునవి వేళ్ళే. దేహము చల్లబడునప్పుడు గుండె మొదలగు ముఖ్యావయవములను కాపాడుటకై చేతులకు, కాళ్ళకు పోవు నెత్తురును శరీరమే తగ్గించును. ఆ సమయమున వాటిని కాపాడునది మనము తొడిగిన బట్ట మాత్రమే.

మరునాడు మేమే పిన్నిగారి తలుపు తట్టి, “ఆ దుకాణానికి తీసికెళ్ళండి,” అంటిమి. ఆమె కారణము అడుగలేదు. దాతలిచ్చిన బట్టలను అమ్మి ఆ సొమ్మును సేవకు వినియోగించు అట్టి దుకాణములు ఆ దేశమున ఊరూర కలవు. లోపల పేదలే కాదు, ఆచార్యులు, గృహిణులు, విద్యార్థులు అందరును వరుసలు వెదకుచుండిరి. పిల్లలు ఏడాదికి ఏడాది పెరుగుదురు గనుక, ఒక్క చలికాలమే తొడిగిన మంచుసూటులు కొత్తవానివలె నుండెను. మెడనుండి మడమలదాక కప్పి, నీటికి తడియని సూటు, నాలుగు వేళ్ళును ఒకే గదిలో ఉండునట్టి తొడుగులు అక్కడ దొరికినవి. వేళ్ళు వేరువేరుగానుండు తొడుగుకంటె, కలిసియుండు తొడుగే వెచ్చన. వేళ్ళు ఒకదానివేడి ఒకటి పంచుకొనును. పిల్లలు తొడుగులు పారవేసికొనకుండ, రెండింటిని ఒక త్రాటితో కలిపి ఆ త్రాటిని చేతులలోపలినుండి వీపుమీదుగా పోనిచ్చు ఉపాయము ఉపాధ్యాయిని చెప్పిరి. ఇంటికి తెచ్చి రెండుమార్లు ఉతికి, త్రాడు కుట్టి తొడిగితిమి. ఏప్రిలు వరకు వాని వేళ్ళకు మరల భయము కలుగలేదు.

ఇక అత్తగారి స్వెట్టరు. మేము మోసికొనిపోయిన నాలుగు స్వెట్టరులును కృత్రిమపు నూలువి. రెండు ఉతుకులకు ఉండలు కట్టి పలుచబడినవి. అడుగున దోపిన ముతక ఉన్నిది మాత్రము, కోటు క్రింద రెండవ పొరగా, ఆ చలికాలమంతయు మా యింట వంతులవారీగా తిరిగెను. పిన్నిగారు దానిని నలిపి చూచి, “ఇది తెలిసినవారు అల్లింది,” అనిరి. ఆ మాటను అత్తగారికి ఫోనులో చెప్పగా కొంతసేపు ఆమె ఏమియు పలుకలేదు.

కూతురి పురిటికై పోవు తల్లులకు ఒక మాట. చీర విడువనక్కరలేదు. లోపల థర్మలు లాగు, పైన మడమలకు చేరువగా దిగు కోటు, కాళ్ళకు బూట్లు ఉన్నచో చీరతో నడువవచ్చును. కుచ్చిళ్ళు మాత్రము జానెడు ఎత్తున కట్టుకొనవలెను. అంచు మంచులో తడిసి బరువెక్కి కాలికి చుట్టుకొన్నచో జారిపడుదురు. ఇండ్లలోపల ఇరువది డిగ్రీల వెచ్చదనముండును గనుక, లోనికి వచ్చినంతనే పైపొరలు విప్పవలెను. విప్పక చెమటపట్టి మరల బయటికి పోవుటయే జలుబుకంటె చెడ్డది.

బట్ట యుండుట వేరు, దానిని వాడుట తెలియుట వేరు అనుటకు ఒక ఉదంతము కలదు. 1914లో కేంబ్రిడ్జి వెళ్ళిన గణితజ్ఞుడు శ్రీనివాస రామానుజన్ రాత్రులు చలికి తాళలేక, ఓవర్ కోటు తొడిగి, శాలువ చుట్టుకొని పడుకొనెడివాడు. అక్కడనే చదువుచుండిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఒకనాడు ఆయన పడకగది చూడగా, మంచముపై కంబళ్ళు కావలసినన్ని కలవు. అవి పరుపు క్రిందికి దోపబడి, పైన దుప్పటి పరచియున్నది. కంబళ్ళ అంచు తీసి వాటి లోపల పడుకొనవలెనని రామానుజన్ కు ఎవ్వరును చెప్పలేదు. ఆయన పైదుప్పటి క్రింద మాత్రమే పడుకొనుచుండెను. మహలనోబిస్ మెల్లగా చూపించెను. అంతటి మేధావికి లోపించినది తెలివి కాదు, చూపించు మనిషి.

కనుక ప్రయాణపు పెట్టె సర్దు తల్లిదండ్రులకు మా మనవి యిది. విమానాశ్రయమునుండి ఇల్లు చేరువరకు సరిపోవు కోటు నొకటి, ఉన్నిస్వెట్టరు, మేజోళ్ళు, చెవులు కప్పు టోపీ పంపుడు. పెద్దకోటు ఇక్కడ కొనకుడు. దాని వెల నొక కవరులో పెట్టి, పైన “చలిబట్టలకు” అని వ్రాసి ఇండు. ఆ డబ్బు వేరొక ఖర్చునకు పోకుండ మొదటి నెలలోనే, అక్కడి చలి నెరిగినవారిని వెంటబెట్టుకొని, కాళ్ళకు చేతులకు మొదటను, ఒంటికి తరువాతను కొనుమని చెప్పుడు. వాడిన బట్టకు సిగ్గుపడవలదనియు చెప్పుడు.

మేము తిరిగివచ్చు వేసవిలో మా కోట్లు రెండును కొత్తగా వచ్చిన వరంగల్లు విద్యార్థులిరువురికి ఇచ్చితిమి. అబ్బాయి మంచుసూటు పై అంతస్తునకు దిగిన గుంటూరు దంపతుల పిల్లవానికి ఇచ్చితిమి. ఆ తల్లి దానిని అందుకొనుచు ఒక్క క్షణము సందేహించెను. ఆ సందేహము మేమెరుగనిది కాదు. పిన్నిగారు మాకు చెప్పినట్లే మేమును మరేమియు చెప్పలేదు. చేతితొడుగులను కలిపిన త్రాడు మాత్రము సడలియుండుట చూచి, సూది తెప్పించి, ఆమె యెదుటనే గట్టిగా కుట్టి యిచ్చితిమి.